తలుపు దగ్గర సగం మాట

సార్‌కి మాట పోయి ఏడో నెల నడుస్తోంది. డాక్టరు ఆరు నెలలని చెప్పాడు. వచ్చేదేమైనా ఉంటే ఆ ఆరు నెలల్లోనే వస్తుందని, ఆ తర్వాత ఆశ తక్కువని అన్నాడు. ఆ మాట సార్ భార్య విన్నది, నమ్మింది. పక్కనే ఉన్న సమ్మయ్య నమ్మలేదు.

“డాక్టరుకు రోగం ఎరికుండొచ్చు అమ్మా. మా సార్ ఎరికనా?” అన్నాడు బయటికొచ్చాక.

సమ్మయ్య సార్ దగ్గర ఇరవై ఏడేళ్ల కింద చదువుకున్నాడు. ఇప్పుడు హనుమకొండలో స్పోకెన్ ఇంగ్లిష్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్నాడు. మేడ మీద క్లాసులు, మేడకి బోర్డు, బోర్డు మీద అతనికంటే పెద్దదిగా అతని ఫొటో. సార్ పడిపోయినప్పటి నుంచి రోజూ పొద్దున ఏడింటికి స్కూటర్ మీద కాజీపేట వచ్చేవాడు. ఎనిమిదిన్నర దాకా సార్ ముందు కూర్చుని, తొమ్మిదింటి బ్యాచ్‌కి పరుగెత్తేవాడు. కడుపున పుట్టినవాళ్లు కూడా ఇంత చేయరని వీధిలో అనుకున్నారు. ఆ మాట సమ్మయ్య చెవిన పడింది. పడనట్టు ఉండేవాడు గాని, పడింది.

సార్ పేరు దేవసహాయం. బాపట్ల నుంచి ఇరవై ఎనిమిదేళ్ల వయసులో వచ్చి, కాజీపేట రైల్వే కాలనీలో ముప్పై రెండేళ్లు ఇంగ్లిష్ చెప్పాడు. పొద్దున స్కూల్లో, సాయంత్రం తన క్వార్టర్ పెరట్లో వేసుకున్న రేకుల షెడ్డులో. స్కూల్లో చెప్పింది అందరూ మర్చిపోయారు. షెడ్డులో చెప్పింది ఎవరూ మర్చిపోలేదు.

షెడ్డులో చెప్పే ఇంగ్లిష్ ఆయన ఎమ్మేలో చదివింది కాదు. కాలనీలో అప్పట్లో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు ఉండేవాళ్లు. కుర్ర మాస్టారుగా ఉన్నప్పుడు సార్ వాళ్ల అరుగుల మీద కూర్చుని వాళ్ల మాటలు వినేవాడు. పుస్తకాల్లో ఉన్న బరువు మాటలు వాళ్లు నోట పట్టేవాళ్లే కాదు. పొరుగువాడి కుక్క గోల భరించలేకపోతే హార్డ్ టు పుట్ అప్ విత్ అనేవాళ్లు. డ్యూటీకి బయల్దేరాలంటే రెడీ టు సెట్ ఆఫ్. తాగుడు మానలేకపోతే హార్డ్ టు గివ్ అప్. మనిషి మంచివాడైతే ఈజీ టు గెట్ అలాంగ్ విత్. ఇళ్లల్లో బతికే ఇంగ్లిష్ ఇదని సార్‌కి అర్థమైంది. దాన్నే తెచ్చి గ్యాంగ్‌మన్ల పిల్లలకి, కూలీల పిల్లలకి పంచాడు.

మొదటి ముక్క మనసు ఎలా ఉందో చెబుతుంది, చివరి ముక్క ఏం చేయాలో చెబుతుంది, అనేవాడు. చివరి ముక్కకి ఉన్న అప్, ఆఫ్ లాంటి చిన్న తోక ఊడిందంటే పని మొత్తం మారిపోతుందనేవాడు. అది పిల్లలకి పట్టేది. నడుమ ఉన్న ‘టు’ మాత్రం పట్టేది కాదు. హార్డ్ గివ్ అప్ అని అనేవాళ్లు.

ఓ రోజు సార్ సమ్మయ్యని లేపాడు.

“మీ నాయన ఏం పని చేస్తాడ్రా?”

“యార్డుల కప్లింగ్ ఏస్తడు సార్. ఇంజనుకు డబ్బాలు తగిలిస్తడు.”

“ఒక్క రోజు మానేస్తే?”

“బండి పోదు సార్.”

“‘టు’ అంటే అదే,” అని సార్ బోర్డు వైపు తిరిగాడు.

షెడ్డు నుంచి ఇంటికి పోవడానికి ఒక పద్ధతి ఉండేది. ట్యూషన్ అయ్యాక సార్ తలుపు దగ్గరికి వెళ్లి, రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి నిలబడేవాడు. పిల్లలు వరసగా వచ్చేవాళ్లు. సార్ సగం అనేవాడు, పిల్లవాడు మిగతా సగం అనాలి. సార్ “రెడీ” అంటే పిల్లవాడు “టు సెట్ ఆఫ్.” అలా అన్నాక సార్ చెయ్యి పైకి లేచేది, కిందనుంచి దూరి ఇంటికి పరుగు. రానివాడు వరస చివరికి పోవాలి. సార్ తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు. సగం ఇచ్చి ఆగేవాడు, అంతే.

ఇప్పుడు హనుమకొండలో మేడ మీద కూడా అదే పద్ధతి. సమ్మయ్య దానికి డోర్ టెస్ట్ అని పేరు పెట్టాడు. తలుపు దగ్గర తను నిలబడతాడు. ఫోన్‌లో వీడియో తీయడానికి ఒకమ్మాయి నిలబడుతుంది. ఆ వీడియోలకి చూసేవాళ్లు బాగానే ఉన్నారు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం సార్ చర్చిలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగాడు. ఆస్పత్రి నుంచి పన్నెండు రోజులకి ఇంటికి తెచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. కాలు కొంచెం తిరిగొచ్చింది. కర్ర పట్టుకుని గోడ వెంట బాత్రూము దాకా వెళ్లగలిగాడు. చెప్పింది అంతా అర్థమయ్యేది. తిరిగి చెప్పబోతే నోట్లోంచి ఒక్కటే వచ్చేది.

“టు.”

మంచినీళ్లు కావాలంటే టు. భార్యని పిలవాలంటే టు. కోపమొచ్చినా టు, నవ్వొచ్చినా టు. పలక ఇచ్చి ఎడమ చేత్తో రాయమంటే ఒక గీత గీసి, దాన్ని చూసి, పలక బోర్లించేశాడు. ముప్పై రెండేళ్లు వందల మంది పిల్లలకి ఇంజన్లూ డబ్బాలూ కలిపిన మనిషికి, ఇంజను పోయి, డబ్బాలు పోయి, ఆ కొక్కెం ఒక్కటే మిగిలింది. దేవుడి మీద నమ్మకం ఉన్నవాళ్లు దీనికి ఏదో అర్థం చెప్పుకోవచ్చు. నాకైతే ఏ అర్థమూ కనపడలేదు.

సార్, ఆయన భార్య సలోమమ్మ సోమిడి రోడ్డులో రెండు గదుల పోర్షన్‌లో ఉండేవాళ్లు. రిటైరై క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు షెడ్డు సామానంతా వాళ్లకీ వీళ్లకీ ఇచ్చేసి, సార్ ఒక్క బెంచీ మాత్రం తెచ్చుకున్నాడు. అది ముందు గదిలో గోడకి వేసి ఉండేది. ఆయన పడ్డాక దాని మీద మందుల పొట్లాలు, కాలికి రాసే నూనె సీసా, దుప్పట్లు చేరాయి. ఇప్పుడు సమ్మయ్య కార్డులు కూడా చేరాయి. పసుపు కార్డుల మీద మొదటి ముక్కలు, నీలం కార్డుల మీద చివరి ముక్కలు, నున్నగా, రంగురంగులుగా, ప్రెస్సులో అచ్చు వేయించి తెచ్చాడు. బెంచీ మీద మనిషి కూర్చునే చోటు లేదు. సమ్మయ్య సార్‌కి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకునేవాడు.

“హార్డ్,” అనేవాడు పసుపు కార్డు ఎత్తి.

సార్ కార్డు చూసేవాడు, సమ్మయ్య నోరు చూసేవాడు. మెడ మీద నరం లేచేది.

“టు.”

“ఆఁ, టు. తర్వాత సార్?”

“టు.”

“గి... గివ్... నా నోరు చూడున్రి సార్. గి...”

“టు టు.”

సమ్మయ్య కార్డు దించేవాడు. “మంచిగనే ఉంది సార్. నిన్నటికంటె నయం,” అనేవాడు. నిన్నా ఇంతే. మొన్నా ఇంతే. ఆ సంగతి సార్ కళ్లలో కనపడేది. అందుకే సమ్మయ్య ఆ వేళ కార్డులు సర్దుకునే పనిలో ఉండేవాడు.

అక్టోబరులో షెడ్డు పిల్లలంతా కలుసుకోవాలని అనుకున్నారు. ఇప్పుడు పిల్లలంటే నలభై దాటిన వాళ్లు. ఒకడు బ్యాంకులో, ఒకడు కోర్టులో, ఇద్దరు రైల్వేలోనే. వాట్సాప్ గ్రూపులో ఎవరో సార్ పరిస్థితి అడిగారు. సమ్మయ్య ఆలోచించకుండా రాసేశాడు. ‘ఆ రోజు సార్ మాట్లాడతారు. పూచీ నాది.’ కింద యాభై మంది దండాలు పెట్టారు.

ఆ తర్వాత పదకొండు రోజులు మిగతా కార్డులన్నీ పక్కన పెట్టి ఒక్కటే పట్టుకున్నాడు. గ్లాడ్ టు కమ్ బ్యాక్. పొద్దున వచ్చిన దగ్గర్నుంచి వెళ్లేదాకా అదొక్కటే. ఎనిమిదో రోజున సలోమమ్మ అతనితో పాటు గేటు దాకా వచ్చింది.

“సమ్మయ్యా, ఒక మాట చెప్పనా నాయనా? రేపట్నుంచి ఆ అట్టముక్కలు లేకుండా రాకూడదూ?”

“ఎందుకమ్మా?”

“తెల్లవారకుండానే లేస్తున్నాడు. బాత్రూములోకి పోయి గడియ పెట్టుకుంటున్నాడు. బయటికి వినపడుతుంది, టు, టు అని. నువ్వొచ్చేలోపు నేర్చుకుని ఉండాలని. పాఠం రాని పిల్లాడిలాగ.”

“మంచిదే కదమ్మా. ప్రాక్టీసు.”

 సలోమమ్మ మనిషిని నొప్పించే రకం కాదు. ఎలా చెప్పాలో వెతుక్కుంది.

“నువ్వు టెన్తులో ఉండగా షెడ్డులో ఆగిపోయిన రోజు గుర్తుందా నీకు?”

“గదెట్ల మర్చిపోత అమ్మా? రోజూ క్లాసుల చెప్త,” అన్నాడు సమ్మయ్య నవ్వి.

నిజమే, రోజూ చెబుతాడు. కొత్త బ్యాచ్ మొదలైన మొదటి రోజు మరీ వివరంగా చెబుతాడు. ఆ రోజు సార్ తలుపు దగ్గర “అఫ్రెయిడ్” అన్నాడట. మిగతా సగం ‘టు స్పీక్ అప్’ అని తనకి తెలుసట. గొంతు దాకా వచ్చి ఆగిందట. వరస చివరికి పోయి మళ్లీ వచ్చాడు, మళ్లీ పోయి మళ్లీ వచ్చాడు, అందరూ వెళ్లిపోయారు, ఒక్కడే మిగిలాడు. చెబితేగాని పోనియ్యనని సార్ ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడట. చీకటి పడేదాకా నిలబడి, చివరికి షెడ్డు రేకులు అదిరేలా అరిచాడట. ఆ అరుపే నన్నింతవాణ్ణి చేసిందంటాడు సమ్మయ్య. చప్పట్లు అక్కడ పడతాయి.

“నువ్వు ఆ రోజు చెప్పలేదు నాయనా,” అంది సలోమమ్మ.

సమ్మయ్య నవ్వు కొంచెం తగ్గింది.

“షెడ్డు మా పెరట్లోనే కదా. వంటింటి కిటికీలోంచి అంతా కనపడేది. అందరూ వెళ్లిపోయాక ఆయన తలుపు వదిలేశాడు. తలుపు బార్లా తీసే ఉంది. వచ్చి నీ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఇద్దరూ అలాగే కూర్చున్నారు. పులుసు రెండుసార్లు వేడి చేశాను. చీకటి పడ్డాక నిన్ను మీ ఇంటి దగ్గర దించి వచ్చాడు. చెప్పాడా అంటే, లేదన్నాడు. మరేం చేశారంటే, కూర్చున్నాం అన్నాడు.”

“లేదమ్మా. మీరు ఇంకెవర్నో అనుకుంటున్నరు. చెప్పేదాక పోనియ్యలే నన్ను.”

“సరే నాయనా,” అందావిడ.

స్కూటర్ స్టార్టు చేసి వెళ్లిపోయాడు. పాపం, అతను అబద్ధం చెప్పలేదు. ఇరవై ఏళ్లు చప్పట్లు కొట్టించుకున్న కథ మనిషికి తన జ్ఞాపకంలాగే ఉంటుంది.

ఆదివారం పదకొండు గంటలకి కాలనీ కమ్యూనిటీ హాలులో అందరూ కలిశారు. సార్‌కి తెల్లచొక్కా వేసి, తల దువ్వి, కారులో తెచ్చారు. ఆయన్ని చూసి ఏడ్చినవాళ్లున్నారు. కాళ్లకి మొక్కినవాళ్లున్నారు. కోర్టులో పనిచేసేవాడు వంగి, “సార్, నేను కొంరయ్యను. నా హార్డ్ టు గెట్ ఓవర్ యాదికుందా?” అన్నాడు. సార్ ఎడమ చేత్తో వాడి చెంప తట్టాడు. ముఖం వెలిగింది. అక్కడితో ఆపేసి భోజనాలు పెట్టి ఉంటే ఎంత బాగుండేదో.

సమ్మయ్య మైకు తీసుకున్నాడు. తలుపు కథ చెప్పాడు. చప్పట్లు పడ్డాయి. తర్వాత సార్ కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని మైకు ఆయన నోటి దగ్గర పెట్టాడు.

“ఇన్నేళ్లు సార్ మనకు సగం ఇచ్చిన్రు. ఇయ్యాల నేను సార్‌కు సగం ఇస్త,” అన్నాడు. హాలంతా ఫోన్లు పైకి లేచాయి.

“గ్లాడ్.”

సార్ ఊపిరి పీల్చుకున్నాడు. “టు,” అన్నాడు.

సన్నగా చప్పట్లు. వస్తోందనుకున్నారు.

“టు,” అన్నాడు సార్. మెడ మీద నరం లేచింది. “టు. టు.” ఎడమ చెయ్యి సమ్మయ్య చొక్కా పట్టుకుంది.  మైకులోంచి ఆ ఒక్క ముక్క హాలు నాలుగు గోడలకీ తగిలి తిరిగొస్తోంది. “టు టు టు.”

ఇక్కడ జరిగిందానికి ఎవరినీ తప్పుపట్టలేను. వాళ్లకి ఆయనంటే ప్రాణం. ఆయన ఇబ్బంది చూడలేకపోయారు. వెనక వరసలోంచి ఎవరో మెల్లగా “కమ్ బ్యాక్” అన్నారు. పక్కవాడు అందుకున్నాడు. అంతే, ముప్పై నలభై గొంతులు ఒక్కసారి, పాత షెడ్డులో లాగే సాగదీసి, “కమ్ బ్యాక్” అన్నాయి. ఆయనే అన్నట్టు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

సార్ నోరు మూశాడు. సమ్మయ్య చొక్కా వదిలేశాడు. చప్పట్లు ఆగేదాకా తన ఒళ్లో ఉన్న కుడి చేతిని చూస్తూ కూర్చున్నాడు. ప్యాంటు తడిసిన సంగతి ముందు చూసింది సలోమమ్మ. చీర కొంగు అడ్డం పెట్టి, “ఇంటికి పోదాం,” అంది.

మర్నాడు సమ్మయ్య రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు సలోమమ్మే ఫోన్ చేసింది. కోప్పడుతుందని భయపడుతూ ఎత్తాడు. కోప్పడి ఉంటేనే నయంగా ఉండేది.

“ఇప్పుడు ఆ టు కూడా అనడంలేదు నాయనా,” అంది. “బాత్రూములో కూడా లేదు. నీళ్లు కావాలంటే గ్లాసు చూస్తాడు, అంతే. నీకు తెలియాలి కదా అని చేశాను.”

 ఆవిడే ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత ఆరు రోజులు సమ్మయ్య ఎలా గడిపాడో చెప్పడం నాకు కష్టం. క్లాసులకి వెళ్లాడు. తలుపు దగ్గర నిలబడ్డాడు. ఒక పిల్ల ‘ఈజీ’ దగ్గర ఆగిపోయింది. ఆ పిల్ల నోరు తెరిచి ఉంది, మాట రావడం లేదు, వీడియో తీసే అమ్మాయి నవ్వుతోంది. సమ్మయ్య చెయ్యి తీసేసి, “పోమ్మా,” అన్నాడు. ఆ సాయంత్రం గదిలో ఒక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. ఏడిస్తే ఏమీ తేలికవలేదు. ఆయనకి మిగిలింది ఒక్క ముక్క, అది కూడా నేనే గుంజుకున్న. ఈ వాక్యం అతనికి అన్నం తింటుంటే వచ్చేది, స్కూటర్ మీద వచ్చేది, పడుకుంటే వచ్చేది.

తొమ్మిదో రోజు పొద్దున ఏడింటికి వచ్చాడు. చేతిలో ఏమీ లేదు. సలోమమ్మ తలుపు తీసి, ఏమీ అడక్కుండా, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

సార్ ఎప్పటిలాగే తలుపు పక్కన కుర్చీలో ఉన్నాడు. గడ్డం మాసింది. సమ్మయ్య ప్లాస్టిక్ కుర్చీ లాక్కున్నాడు గాని కూర్చోలేదు. దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు.

“సార్, నేను తెస్త అనుకున్న. అందరికి చెప్పిన కూడ. ఇగ రాదు. డాక్టరు చెప్పిందే నిజం.”  మళ్లీ అన్నాడు. “మీకు ఉన్నది కూడ పొయ్యింది నాతోని. ఇప్పుడు నేనేం చెయ్యాలె? మీరే చెప్పున్రి సార్.”

అన్నాక, ఎవరిని ఏం అడిగాడో తనకే తెలిసింది. సిగ్గుతో తల దించుకున్నాడు.

“నేను పోతున్న సార్,” అని గుమ్మం వైపు తిరిగాడు.

సార్ కర్ర అందుకున్నాడు. లేవడానికి చాలాసేపు పట్టింది. సమ్మయ్య సాయం పట్టబోతే ఎడమ మోచేత్తో తోసేశాడు. రెండడుగులు వేసి గుమ్మంలోకి వెళ్లాడు. కర్ర గోడకి ఆనించి, ఎడమ చెయ్యి ద్వారబంధం మీద పెట్టాడు. కుడి చెయ్యి లేవలేదు. అయినా గుమ్మం నిండింది.

సమ్మయ్య ఎదురుగా ఆగిపోయాడు. నలభై రెండేళ్ల మనిషి, పొట్ట వచ్చింది, జుట్టు పలచబడింది. సార్ అతని ముఖంలోకి చూస్తున్నాడు. సగం ఇవ్వలేదు. ఇవ్వడానికి ఆయన దగ్గర సగం లేదు. ఆగాడు, అంతే.

సమ్మయ్యకి ఏం అనాలో తెలుసు. అతని కోర్సులో పదకొండో రోజు పాఠంలో ఉంది. సారీ టు లెట్ యూ డౌన్, నమ్మినవాళ్లని నిరాశపరిచినప్పుడు అనేది. కొన్ని వేల మందికి నేర్పాడు, ముఖం ఎలా పెట్టాలో కూడా నేర్పాడు. ఇప్పుడు మొదటి ముక్కే రాలేదు. పెదవులు కదిలాయి. తెలుగులో వెతికాడు, తెలుగూ రాలేదు.  మెడ మీద నరం లేచింది.

సార్ ఆ నరం చూశాడు.

రెండు నిమిషాలో మూడు నిమిషాలో గడిచాయి. సార్ మోకాలు వణకడం మొదలైంది. టీ గ్లాసులు పట్టుకుని వచ్చిన సలోమమ్మ వంటగది గుమ్మంలోనే ఆగిపోయింది.

అప్పుడు సార్ తలుపు వదిలేశాడు. గుమ్మం అలాగే తీసి ఉంది. బయట ఎండ, ఆటోలు, పాలవాడు. వెళ్లాలంటే సమ్మయ్య వెళ్లొచ్చు. సార్ అతన్ని దాటి, కాలు ఈడుస్తూ, గోడ పట్టుకుని బెంచీ దగ్గరికి వెళ్లాడు. ఎడమ చేత్తో మందుల పొట్లాలు ఒక పక్కకి జరిపాడు. నూనె సీసా కింద పెట్టాడు. దుప్పట్లు తోసేశాడు. కార్డులు మిగిలాయి. వాటిని అరచేత్తో ఒక్కసారి ఊడ్చాడు. పసుపువీ నీలంవీ కలిసిపోయి నేల మీద పడ్డాయి.

బెంచీ ఒక చివర కూర్చున్నాడు. పక్కన ఒక మనిషికి చోటు ఉంది.

సమ్మయ్య వచ్చి కూర్చున్నాడు. ఈ ఏడు నెలల్లో ఆ బెంచీ మీద కూర్చోవడం అదే మొదలు. కూర్చోగానే ఆ సాయంత్రపు చెక్క ఎత్తు మోకాళ్లకి గుర్తొచ్చింది. వంటగది గుమ్మంలో ఉన్న సలోమమ్మ వైపు చూశాడు. ఆవిడ కూడా చూసింది. అప్పటి వంటింటి కిటికీ గురించి ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. ఆవిడ టీ గ్లాసులు కుర్చీ మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

వాళ్లు అలా కూర్చున్నారు. ఎనిమిదిన్నర అయింది. తొమ్మిది అయింది. సమ్మయ్య జేబులో ఫోన్ మోగి ఆగింది, మళ్లీ మోగి ఆగింది. టీ మీద మీగడ కట్టింది. గాలికి కార్డులు కొన్ని తిరగబడ్డాయి. ఇద్దరిలో ఎవరూ వంగి తీయలేదు.

చాలాసేపటికి, ఎవరితోనూ కాకుండా, మెల్లగా, సార్ అన్నాడు.

“టు.”

అలవాటు కొద్దీ సమ్మయ్య నోరు తెరుచుకుంది. నాలుగు వందల ముక్కలున్నాయి ఆ నోట్లో, ఏదైనా సరిపోయేది. నోరు మూసుకుని అలాగే కూర్చున్నాడు.

తలుపు తీసే ఉంది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.